మేకు దిగని తొమ్మిది ఇళ్లు

సిద్దిపేటలో ఇల్లు కొనాలనుకున్నవాడు ముందు బ్యాంకుకు పోడు, వాస్తు చూసే పంతులు దగ్గరికీ పోడు. మా అఫ్సర్ దగ్గరికి పోతాడు. కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నానని మీకు అనిపిస్తే అనిపించనీయండి. నేను పెయింట్ల దుకాణం పెట్టి ఇరవై ఎనిమిదేళ్లు. రంగుల మేస్త్రీ అఫ్సర్ నా దుకాణం మెట్లెక్కడం మొదలుపెట్టి కూడా అన్నేళ్లే. పొద్దున ఎనిమిదికల్లా వచ్చి, నా కుర్చీలో కూర్చుని, నా చాయ్ తాగి, నన్నే నాలుగు మాటలని పనికి పోతాడు. అలాంటివాణ్ణి ఊరికే పొగడాల్సిన ఖర్మ నాకేం పట్టింది?

అతని పద్ధతి చూసి తీరాలి. ఇంట్లోకి అడుగు పెట్టగానే హాలు చూడడు, వంటగది చూడడు. చెప్పులు విప్పి నేరుగా వానజల్లు కొట్టే గోడ దగ్గరికి నడుస్తాడు. మధ్యవేలు మడిచి మూడుసార్లు తట్టి, చెవి ఆనించి వింటాడు. ఆ కాసేపూ అమ్మేవాడికి, కొనేవాడికి, మధ్యలో దళారికి ఊపిరాడదు. "లోపల తడి ఉంది. పైకెల్లి రంగుతోటి మూసిన్రు" అంటాడు. అంతే, బేరం అక్కడే చల్లబడుతుంది. వెళ్లేముందు కొనేవాణ్ణి ఒక ప్రశ్న అడక్కపోతే మాత్రం అతనికి ఆ రోజు అన్నం అరగదు. "నువ్వు ఇల్లు కొంటున్నవా, రంగు కొంటున్నవా?"

ఇన్ని వందల ఇళ్లకు మంచీ చెడూ చెప్పిన మనిషికి సొంత ఇల్లు లేదు. పన్నెండేళ్లుగా వెతుకుతూనే ఉన్నాడు. అన్ని గోడల లోపలి సంగతీ తెలిసినవాడికి ఏ గోడ నచ్చుతుంది చెప్పండి?

అఫ్సర్ తండ్రి సున్నం కొట్టేవాడు. కొడుకు ఉర్దూ మీడియంలో ఏడో తరగతి దాకా చదివాక చేతికి బకెట్ ఇచ్చి వెంట తిప్పుకున్నాడు. ఆయన నేర్పిన ఒక్క పని మీద అఫ్సర్‌కు ఇప్పటికీ చెప్పలేనంత గర్వం. రెండు గోడలు కలిసే మూలను కత్తితో చెక్కకూడదు, బొటనవేలితో నిమరాలి. అతను చేసిన గదిలో మూల అంచు తేలి ఉండదు, గిన్నె లోపలి వంపులా మెత్తగా తిరుగుతుంది. ఇంకో అలవాటు అతని సొంతం. పని పూర్తయ్యాక స్టోర్‌రూం తలుపు పైన, లోపలివైపు, ఎవరి చూపూ పడనిచోట పెన్సిల్‌తో రెండు వరుసలు రాస్తాడు. ఏ గోడకు ఏ రోగం, గోడను నున్నగా చేసే పుట్టీ ఎన్ని చేతులు, అంటే ఎన్ని పూతలు పెట్టాడు, ఏ నెంబరు రంగు, ఏ సంవత్సరం. అంతా ఉర్దూలో. మళ్లీ ఎప్పుడైనా పిలిస్తే తల గోక్కోకుండా ఉండడానికి.

ఇక అతని కిరాయి ఇళ్ల కథ. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో తొమ్మిది ఇళ్లు మారారు. తప్పంతా అఫ్సర్‌దే, నేనేం మొహమాటపడను. మాసిన గోడల మధ్య అతనికి నిద్ర పట్టదు. కొత్త ఇంట్లో సామాను దించిన మూడో రోజే నా దుకాణంలో మిగిలిన డబ్బాలు పట్టుకుపోయి, సొంత ఖర్చుతో ఇల్లంతా అద్దంలా చేస్తాడు. ఒకటో తారీకు కిరాయికి వచ్చిన ఓనరు నోరు తెరిచి చూస్తాడు. నా ఇల్లు ఇంత బాగుంటుందా అనుకుంటాడు. రెండు నెలల్లో కిరాయి పెంచుతాడు, లేకపోతే తన బావమరిది వస్తున్నాడంటాడు. ఒక మహానుభావుడైతే తన కొడుకు పెళ్లిచూపులు వీళ్ల హాల్లోనే పెట్టుకుని, సంబంధం కుదరగానే కొత్త జంటకు ఇల్లు కావాలని వీళ్లను ఖాళీ చెయ్యమన్నాడు. ఆ చూపులకు చాయ్ పెట్టిచ్చింది గులాబ్‌బీయే.

గులాబ్‌బీ అఫ్సర్ భార్య. ఇంట్లో మిషన్ కుడుతుంది. మనిషి పొట్టి, మాట తక్కువ. ప్రతి కొత్త ఇంటి గడప దగ్గరా భర్తకు ఒకే మాట చెబుతుంది. "గీసారి రంగు ముట్టుకోకు. గలీజుగనే ఉండనీ. మనల్ని ఉండనిస్తరు." అతను బుద్ధిగా తల ఊపుతాడు. మూడో రోజు కుంచె తీస్తాడు.

ఆమె అసలు బాధ మాత్రం రంగు కాదు, మేకు. మా దిక్కు మొల అంటాం. కిరాయి ఇంట్లో మొల కొట్టొద్దని ఓనర్లంతా మొదటి రోజే చెబుతారు కదా. ఆ ఓనర్లను తలదన్నేవాడు అఫ్సర్. గోడకు చిల్లు పడితే తన ఒంటికి పడ్డట్టు విలవిల్లాడతాడు. అందుకని గులాబ్‌బీ తగిలించుకోవాలనుకున్నవన్నీ ఒక రేకు పెట్టెలో ఉండిపోయాయి. వాళ్లమ్మ హజ్ నుంచి తెచ్చిన కాబా పటం, పెళ్లికి ముందు నల్లబట్ట మీద తాను కుట్టిన ఎర్ర గులాబీల పటం, తమ్ముడిచ్చిన గుండ్రటి అద్దం, కూతురు అర్షీన్ పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్. నెలకోసారి పెట్టె తెరుస్తుంది, అద్దాలు తుడుస్తుంది, పాత చీరల మధ్య మళ్లీ సర్దుతుంది.

ఒకసారి నేనే అన్నాను, "గోడకు ఆనిచ్చి కింద పెట్టుకోరాదు చెల్లె?" అని.

"కింద పెడితె కాళ్లకు తగుల్తయ్ అన్నా. అవి పైన ఉండేటియి. నాదంటూ ఒక ఇల్లు అయిన్నాడు నా చేతుల్తోటి మొల కొట్టి తగిలిస్త" అంది.

ఈ ఏడాది ఏప్రిల్‌లో తొమ్మిదో ఓనరు కూడా వచ్చి, కళకళలాడుతున్న తన గోడలు తనివితీరా చూసుకుని, రెండు నెలల్లో ఖాళీ చెయ్యమన్నాడు. ఆ రోజు గులాబ్‌బీ అరవలేదు, ఏడవలేదు. నా దుకాణానికి నడుచుకుంటూ వచ్చి, నా ఎదురుగానే మొగుడితో చెప్పింది. "ఇగ నేను కిరాయి ఇంట్ల కాలు పెట్ట. పదో ఇల్లు మనదన్న గావాలె, లేదంటె నేను నా పెట్టె తీస్కొని ప్రజ్ఞాపూర్ల మా తమ్మునింటికి పోత." చెప్పి వెళ్లిపోయింది. అఫ్సర్ చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఆమె కుట్టుపనిలో కూడబెట్టింది, అతని తండ్రి ఇంట్లో వాటా, కొంచెం బ్యాంకు అప్పు కలిపితే చిన్న ఇల్లు వస్తుంది. ఇన్నాళ్లూ లేనిది డబ్బు కాదు, తెగింపు.

వెతగ్గా వెతగ్గా రెండు ఇళ్లు మిగిలాయి. ఒకటి మా బిజిలీ కాలనీలో. నేనూ అక్కడే మూడో గల్లీలో ఉంటాను కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకుని వినండి. నలభై ఏళ్ల కిందట కరెంటు ఆఫీసు ఉద్యోగులు ప్లాట్లు చేసుకుని కట్టుకున్న కాలనీ అది. ఒక కారు లోపలికి వస్తే ఇంకో కారు గల్లీ చివరిదాకా వెనక్కి పోవాలి. ఆ వెనక్కి పోయేటప్పుడు నాలుగిళ్లవాళ్లు బయటికొచ్చి, ఇటు తిప్పు, అటు తిప్పు అని సలహాలు చెబుతారు. కిరాణా దుకాణం, మసీదు, ఆటో, అన్నీ పిలిస్తే పలికే దూరంలో ఉంటాయి.

ఆ ఇల్లు దేవదాసు సారుది. లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, కోహెడలో ఉన్న పొలం చూసుకోవడానికి పోతున్నాడు. ఇల్లు అమ్మేవాళ్లను చాలామందిని చూశాను గానీ, ఇలాంటి మనిషిని చూడలేదు. మేం లోపలికి పోగానే దేవదాసు సారు చేతికర్రతో పైకప్పు చూపించాడు.

"ముందుగాల్ల గిది చూడు అఫ్సర్. వానకాలం గీడ కారుతది. బకెట్ పెడ్తం. గా కిటికీ మూసుకోదు. మూసుకుంటె మళ్ల తెరుసుకోదు. బాత్రూం దిక్కెల్లి ఒక ఎలుక వస్తది."

"ఎలుకలు గూడ ఉన్నయా సార్?"

"ఎలుకలు గాదు, ఒక్కటే. చానా రోజుల సంది ఉంది. దేన్నీ ముట్టదు."

అఫ్సర్ గోడ తట్టాడు. అరచేతి మందాన పెచ్చు ఊడి అతని పాదం మీద పడింది.

"సార్, అమ్మేటోళ్లు గిట్ల చెప్తరా?" అన్నాడు బాధగా.

"నువ్వెట్లన్న కనిపెడ్తవ్ గదా. నా నోటితోటి జెప్తె నా ఇజ్జత్ అన్న ఉంటది. బోరు మాత్రం బంగారం. నడి ఎండల గూడ పది నిమిషాల్ల ట్యాంకు నిండుతది."

అప్పటిదాకా నోరు తెరవని గులాబ్‌బీ అడిగింది. "సార్, గీ గోడకు మొల దిగుతదా?"

దేవదాసు సారుకు ఆ ప్రశ్న ఎందుకో తెలియదు. అయినా శ్రద్ధగా తిప్పి చూపించాడు. క్యాలెండర్ మేకు, గొడుగు మేకు, భార్య తాళంచెవుల మేకు, దేనికి కొట్టారో గుర్తులేని మేకు. "రెండు ఊడినయ్, తక్కినయ్ గట్టిగనే ఉన్నయ్" అన్నాడు. గులాబ్‌బీ గొడుగు మేకును వేలితో ముట్టుకుని చూసింది. ఆమెకు సంబంధించి ఇల్లు కొనడం అక్కడితో అయిపోయింది.

బయటికి రాగానే అఫ్సర్ నా మీద పడ్డాడు. "గదేం ఇల్లు సేటూ! గజ్జి లేసిన కుక్క లెక్కుంది. నన్ను నీ పక్కకు గుంజుకోనీకి తీస్కొచ్చినవ్." అది నిజమే కాబట్టి నేను ఊరుకున్నాను.

రెండోది బైపాస్ అవతల. పేరు సాగర్ వ్యూ ఎన్‌క్లేవ్. రంగనాయక సాగర్ ఎక్కడో చంద్లాపూర్ దగ్గరుంటే, ఇక్కడ కనిపించే సాగరమల్లా బోర్డు మీద గీసిన నీలం గీతలే. ప్లాట్లు అమ్మే సంతోష్ మాకోసం ఆర్చి కింద నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"ట్యాంకు మీదికెక్కి చూస్తె సాగర్ కనవడ్తది అంకుల్."

"నువ్వు ఎక్కినవా?"

"క్లయింట్లు చెప్పిన్రు."

రోడ్లు మాత్రం ఏమాటకామాటే, ఎంత వెడల్పో! నడిమధ్యలో కుక్కలు కాళ్లు బారజాపుకుని పడుకున్నాయి, హారన్ కొట్టినా లేవలేదు. ఇరవై ఇళ్లున్నాయి. మనుషులు నలుగురే కనబడ్డారు, అందులో ముగ్గురం మేమే.

ఇంట్లోకి పోగానే అఫ్సర్ గడప దాటి ఆగిపోయాడు. హాలు గోడ చూశాడు. తోడుకున్న పెరుగు మీద మీగడలా ఉంది, ఒక గీత లేదు, ఒక మచ్చ లేదు. మెల్లగా దగ్గరికి పోయి వేలితో తట్టాడు. ఠంగుమంది. ఇంకోచోట తట్టాడు. అక్కడా అంతే. నేల చూడలేదు, వంటగది చూడలేదు. అరచెయ్యి పెట్టి గోడను నిమరడం మొదలుపెట్టాడు.

"సేటూ, గిట్ల రా. గీ మూల జూడు. కత్తి పెట్టలే, వేలుతోటి నిమిరిండు. ఎవనికో మంచి ఉస్తాద్ దొరికిండు. మా నాయిన పోయినంక గిసొంటి పని చూడలే."

గులాబ్‌బీ ఆ మూల వంక చూసింది. కొంచెం ఆగి మళ్లీ చూసింది. సంతోష్ వైపు తిరిగింది.

"దుకాణం ఏడుంది బాబూ?"

"వస్తది ఆంటీ."

"ఆటో?"

"వస్తది."

"నల్లా నీళ్లు?"

"లైన్ పడ్డది, వస్తది."

"మరి వానకాలం?"

"అదీ వస్తది ఆంటీ" అన్నాడు సంతోష్ అదే ఊపులో.

"గీ గోడకు మొల దిగుతదా?" అని ఆమె అడిగింది సంతోష్‌నే. జవాబు చెప్పింది మాత్రం అఫ్సర్. "గీ గోడకు మొలనా! చేతులు పడిపోతయ్. మనం గీ ఇల్లు కొంటె గీడ ఒక్క గుండుసూది గూడ దిగొద్దు, ముందే చెప్తున్న." ఆమె మొహం చూడలేక నేను కిటికీలోంచి కుక్కల్ని చూశాను. సొంత ఇల్లు వచ్చినా ఆ పెట్టె తెరుచుకోదన్నమాట.

తర్వాతి వారమంతా నా దుకాణంలో ఒకటే పాట. పెళ్లిచూపులకు పోయొచ్చిన కుర్రాడు కూడా అంతగా పలవరించడు. గోడ అలా ఉంది, మూల ఇలా ఉంది. అర్షీన్ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కాలేజీకి ఎట్ల పోవాలి అబ్బా అని తండ్రిని అడిగితే, నేనే బండి మీద దించుతానన్నాడు. రోజూ పొద్దున అతను దించుకుంటూ కూర్చుంటే జనాలకు రంగులెవరు వేస్తారు? బిజిలీ కాలనీలో నీళ్లున్నాయి, మనుషులున్నారు, రాత్రి జ్వరమొస్తే తలుపు తట్టడానికి నేనున్నాను అని నేను చెప్పని మాట లేదు. మా ఆవిడ శ్రీవాణి చేత కూడా చెప్పించాను. అతను వినడే! నిజం ఒప్పుకుంటున్నాను, నా ఆరాటంలో సగం స్వార్థమే. ఈ మనిషి బైపాస్ అవతలికి పోతే నా పొద్దున చాయ్ నేనొక్కణ్ణే తాగాలి. ఆ మాట తలచుకుంటేనే నాకు దిగులుగా ఉండేది.

శుక్రవారం జుమ్మా నమాజ్ తర్వాత బయానా, అంటే అడ్వాన్సు, ఇవ్వడానికి ఖాయమైంది. గులాబ్‌బీ అడ్డు చెప్పలేదు. "బయానా కాగితం మీద సంతకం కాకముందు ఇంకొక్కసారి ఇల్లు చూస్త. అన్న గూడ రావాలె" అని ఒక్క మాట అడిగింది.

ఆ రోజు ఆమె హాల్లో ఆగలేదు. నేరుగా స్టోర్‌రూంలోకి పోయి నన్ను పిలిచింది. "అన్నా, గా ప్లాస్టిక్ కుర్చీ ఇట్ల ఎయ్యిన్రి. మీ ఫోన్ బత్తి పెట్టున్రి." కుర్చీ ఎక్కి, మునివేళ్ల మీద లేచి, తలుపు పైన లోపలివైపు చూసింది. నేను వెలుగు పట్టాను. ఏదో పెన్సిల్ రాత. నాకు ఉర్దూ మాట్లాడ్డం వచ్చుగానీ చదవడం రాదు. ఆమె పెదవులు కదిలాయి. చదవడం అయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు రెండూ అదిరాయి. కిందికి దిగేసరికి మళ్లీ మామూలు మొహం.

హాల్లో అఫ్సర్ తన మూల సంగతి సంతోష్‌కు వివరిస్తున్నాడు. సంతోష్ చేతిలో బయానా కాగితం ఉంది.

"అర్షీన్ అబ్బా" అని పిలిచింది గులాబ్‌బీ. మామూలుగా వాళ్లిద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. ఆ రోజు తెలుగులో మొదలుపెట్టింది, మేం వినాలనే. "గీ గోడ జేసినాయిన దొరికితె ఏం జేస్తవ్?"

"చేతులు ముద్దు పెట్టుకుంట."

"నీ అంత పనోడేనంటవా?"

అఫ్సర్ గోడ వంక చూశాడు. "నాకన్న ఒక చెయ్యి ఎక్కువే అనుకో."

నేను గోడ పట్టుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లలో ఇంకో మేస్త్రీ గురించి అతని నోట ఇలాంటి మాట రాలేదు.

"అయితె స్టోర్‌రూంల పోయి ఆయినకు సలాం జెప్పిరా" అంది గులాబ్‌బీ.

అతను నవ్వుతూ పోయాడు, వెనకే నేను బత్తి పట్టుకుని పోయాను. తల ఎత్తి చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఏముందో చదవమని అడిగితే తెలుగులో చెప్పాడు. "ఉత్తరం గోడ, నడుమెత్తు దాంక సీలన్. మూడు చేతులు పుట్టీ. మూడు వానకాలాలు ఆగుతది, తర్వాత అల్లా మాలిక్." సీలన్ అంటే తడి, ఉత్తరం గోడ అంటే హాల్లో అతను మురిసిపోయిన ఆ గోడే. కింద సంవత్సరం వేసి ఉంది. లెక్క చూస్తే మూడు వానకాలాలూ అయిపోయాయి. వచ్చేది నాలుగోది.

అఫ్సర్ స్టోర్‌రూం నేల మీద కూలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఆ ఏడు ముసురులో అప్పటి యజమాని ఎవరో స్కూటర్ మీద వెనకవైపు బండ్లబాట నుంచి తీసుకొచ్చాడు. అప్పుడు ఆర్చి లేదు, రోడ్లు లేవు, చుట్టూ మక్కచేల మధ్య ఇదొక్కటే ఇల్లు. లోపల ఈ ఫాల్స్ సీలింగ్ లేదు, ముందర ఈ టైల్స్ లేవు. "ఇదంత కుంట పూడ్చిన జాగ సేటూ. పని చేస్తుంటె కప్పల అరుపుకు మాట ఇనపడకపోయేది" అన్నాడు. తర్వాత ఇల్లు చేతులు మారింది. ఏటా యాభై ఇళ్లు చేసే మనిషి మరిచిపోయాడు.

"నా చెయ్యే నా చెవిని మోసం జేసింది" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అతను ఊరందరినీ అడిగే ఆ ప్రశ్న అతన్నే అడగాలని ఎన్నేళ్లుగా కాచుకుని ఉన్నాను! నేను అనేలోపే తలుపు దగ్గర నిలబడి గులాబ్‌బీ అడిగేసింది. "నువ్వు ఇల్లు కొంటున్నవా, రంగు కొంటున్నవా?" అంత మంచి అవకాశం అలా చేజారింది. ఆమెకున్నంత హక్కు నాకు లేదులెండి.

సంతోష్ ఇంకా ఆశ వదల్లేదు. "గది పాత ముచ్చట అన్నా, ఇప్పుడు మంచిగనే ఉన్నది గదా" అన్నాడు. అఫ్సర్ లేచి అతని భుజం మీద చెయ్యేశాడు. "మంచిగున్నది నా పుట్టీ బాబూ, గోడ గాదు. ఇంకొకలకు చూపెట్టేటప్పుడు గీ మాట జెప్పు. జెప్పకుంటె నేనొచ్చి జెప్త." సంతోష్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంత మంచి ఇల్లు, పెన్సిల్ గీతకు ఆగిపోయిందే అని ఆర్చి దాకా గొణుక్కుంటూనే వచ్చాడు.

తిరుగుదారిలో అఫ్సర్‌ను ఏడిపిద్దామని నేను చాలా మాటలు సిద్ధం చేసుకున్నాను. బైపాస్ దగ్గర చాయ్‌కు ఆగినప్పుడు అతని మొహం చూసి అన్నీ మింగేశాను.

"సేటూ, గిట్ల ఎన్ని గోడలు మూసిన్నో. గవి కొన్నోళ్లు గూడ బయానా ఇచ్చే ఉంటరు గదా. వాళ్ల ఇంటామె గూడ పెట్టె సదురుకొనే వచ్చుంటది గదా."

"నువ్వు కూలికి చేసినవ్, అమ్మింది వాళ్లు" అన్నాను.

"కూలికే. మరి రోగం పేరు ఎందుకు రాసిన? తెలిసే రాసిన గదా. రాసి, ఆ ఇంటోళ్లు చూడని జాగల, చదవరాని భాషల పెట్టిన." అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ సిగ్గేసింది. ఆ పుట్టీ అమ్మింది నేనే మరి.

అప్పటినుంచి అతని పద్ధతి మారింది. తడి గోడ కనిపిస్తే ముందు తడి సంగతి చూడమంటాడు, ఊరికే మూసిపెట్టమంటే డబ్బా దింపి వచ్చేస్తాడు. పెన్సిల్ రాత ఇప్పుడు తెలుగులో, కంటికి ఆనే ఎత్తులో రాస్తాడు. ఇంటివాళ్లు తుడిచేస్తే మళ్లీ రాస్తాడు. నా దుకాణంలో పుట్టీ గిరాకీ పడిపోయింది. నా బాధ ఎవరికి చెప్పుకోను?

వానలకు ముందే దేవదాసు సారు ఇల్లు రిజిస్ట్రేషన్ అయింది. సారు తాళంచెవులతో పాటు కారేచోట పెట్టే బకెట్ కూడా ఇచ్చి కోహెడ బస్సెక్కాడు. అఫ్సర్ పది రోజులు మిద్దె మీదే ఉండి కారే సందులన్నీ మూశాడు. లోపల గోడలకు మాత్రం కుంచె ముట్టించలేదు. "ఒక్క వానకాలం చూస్త. గోడ ఏడ్వాల్సింది ఏడ్వనీ, తర్వాత జూద్దం" అన్నాడు. బిజిలీ కాలనీలో రంగులేని ఇల్లు ఏదంటే ఇప్పుడు రంగుల మేస్త్రీదే. పిల్లలు కూడా చెప్పుకుని నవ్వుతారు. అతను పట్టించుకోనట్టు నటిస్తాడు.

సామాను దింపిన రోజు ఆదివారం. మంచం ఇంకా విప్పే ఉంది, గిన్నెలు మూటల్లోనే ఉన్నాయి. గులాబ్‌బీ అవన్నీ వదిలేసి రేకు పెట్టె తెరిచింది. చూస్తుండగానే అఫ్సర్ దారం, మట్టం గొట్టం, పెన్సిల్ పట్టుకుని గోడ దగ్గరికొచ్చాడు. నేను చాయ్ తాగి గ్లాసు కడిగి పెట్టేసేంతసేపు కొలిచాడు, చెరిపాడు, మళ్లీ కొలిచాడు. చివరికి నాలుగు గుర్తులు పెట్టాడు, అన్నీ ఒకే ఎత్తులో, సమానమైన ఎడంతో.

"ఇగ కొట్టు. సరిగ్గ గుర్తు మీద" అన్నాడు. మేకు కొట్టమని అతను అనడం నేను మొదటిసారి విన్నాను.

అర్షీన్ సుత్తి అందించింది. గులాబ్‌బీ స్టూలెక్కి గుర్తు వంక చూసింది, మొగుడి వంక చూసింది. మేకును గుర్తుకు జానెడు పక్కన పెట్టింది.

"గాడ గాదు, గీడ..."

"గిది నా గోడ" అంది.

మొదటి దెబ్బకు పెచ్చు ఊడి కింద పడింది. రెండో దెబ్బకు ఇంకొంచెం. ఒక్కో దెబ్బకూ అఫ్సర్ కళ్లు మూసుకుంటున్నాడు. మూడో దెబ్బకు అతని భుజం ఎగిరిపడింది. నాలుగో దెబ్బకు మేకు పట్టుకుంది. గులాబ్‌బీ దాన్ని గట్టిగా లాగి చూసింది, రాలేదు. అర్షీన్ చేతిలోంచి కాబా పటం తీసుకుని తగిలించింది. స్టూలు దిగి నాలుగడుగులు వెనక్కి వచ్చి, చేతిలో సుత్తి అలాగే పట్టుకుని నిలబడింది. ఇరవై మూడేళ్లు పెట్టెలో ఉన్న పటం అది. ఆమె చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

పటం ఎడమవైపు కొద్దిగా ఒరిగింది. సరిచెయ్యడానికి అఫ్సర్ చెయ్యి పైకి లేచింది, మధ్యలోనే ఆగింది.

"వంకర ఉన్నది" అన్నాడు మెల్లగా.

"ఉండనీ. ఎవ్వలు ఖాళీ చెయ్యమనరు" అంది గులాబ్‌బీ.

అఫ్సర్ పెన్సిల్ జేబులో పెట్టుకుని రెండో మేకు అందించాడు.